ఆరోది చల్లగా ఉంది

"నా దగ్గర ఊదారంగే లేదంటే నీకు నమ్మకం ఎందుకు కలగదు నానమ్మా?"

"నీ దగ్గర లేకపోతే నా దగ్గరుందా? ఈ వయసులో నేను గోళ్ళకి రంగేసుకుని ఎవరికి చూపించాలే?"

నేను వంటింట్లోంచి వచ్చేసరికే గొడవ బాగా ముదిరింది. అత్తగారు మంచం మీద ట్యాబ్‌ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మా అమ్మాయి దువ్వెనని ఆవిడ వైపు గురిపెట్టి మాట్లాడుతోంది. ట్యాబ్ వెనకవైపు ఒక మూలన మిరియపు గింజంత చుక్క ఉంది. ఊదారంగు, లోపల తళుకులు. తగువంతా దాని గురించే.

"చిన్నోడు ముచ్చటపడి తెచ్చిచ్చాడు. దాని మీద చెయ్యి పడందే దీనికి తెల్లారదు," అంది అత్తగారు నాతో.

"పాఠం చూసుకోడానికి పావుగంట అడిగాను, అంతే. ఆ డొక్కు ట్యాబ్ తెరుచుకోడానికే పావుగంట."

"డొక్కుదే, కాదన్నానా? సీరియల్లో మూడో భాగం కావాలని మూడు నొక్కితే ఉలకదు పలకదు. మళ్ళీ నొక్కితే ముప్పై మూడోది పెడుతుంది. నిన్న పెళ్ళిచూపులకెళ్ళినవాడు ఇవాళ చచ్చి పడున్నాడు. ఎలా చచ్చాడో తెలీక నాకు నిద్రపట్టలేదమ్మాయ్."

నేను సగం చెవితోనే విన్నాను. భోజనాల బల్ల ఊగుతోంది. బాత్రూం బాగుచేయించినప్పుడు మిగిలిన ఆకుపచ్చ పలక ఒకటి దాని కాలికింద పెట్టాం. అది పక్కకి జారితే పాదంతో లోపలికి తోసి, సంచి భుజాన వేసుకున్నాను.

"నువ్వే తుడిచెయ్," అన్నాను కూతురితో. "గోళ్ళరంగు తుడిచే మందు నీ దగ్గరే ఉందిగా. సాయంత్రం నేనొచ్చేసరికి ఆ చుక్క కనపడకూడదు."

"నేను చెయ్యనిదాన్ని నేనెందుకు తుడవాలి?"

"వాదించకు. నాకు టైం లేదు."

"నువ్వు డిటెక్టివ్‌వి కదమ్మా. విచారించు."

"ఇంట్లో కాదు."

వీధి గుమ్మంలో అత్తగారి చిన్నోడు, మా మరిది, బూట్లు వేసుకుంటున్నాడు. చొక్కా జేబులో దువ్వెన పక్కనే స్క్రూడ్రైవరు. పాడైన కంప్యూటర్లూ ప్రింటర్లూ బాగుచేస్తూ పొద్దస్తమానం ఆఫీసులు తిరుగుతుంటాడు. ఏ ఆఫీసులని నేనెప్పుడూ అడగలేదు. నా కేసుల సంగతి నేనూ ఇంట్లో చెప్పను.

"తీర్పు బాగుంది వదినా," అన్నాడు నవ్వుతూ. "ముద్దాయి నోరెత్తకముందే శిక్ష పడిపోయింది. పై కోర్టు అన్నయ్యేనా?"

"పై కోర్టు స్నానానికెళ్ళింది," అని నేను మెట్లు దిగాను.

*

ఊళ్ళో చిన్న ఆసుపత్రి ఒకటుంది. అక్కడ చిన్న ఆపరేషను చేయించుకున్న ఒక దర్జీ ఇంకా కళ్ళు తెరవలేదు. ఆపరేషను తర్వాత నొప్పికి ఎక్కించే మందు పదింతలకు పైగా ఎక్కేసింది. మందు ఎక్కించే పంపుని నర్సులు ట్యాబ్‌లోనో ఫోన్‌లోనో ఉన్న యాప్ నుంచి నడుపుతారు. తను సరిగ్గానే నొక్కానని నర్సు అంటోంది. యాప్ తయారుచేసిన కంపెనీ తమ టెస్టుల్లో ఏ తప్పూ రాలేదంటోంది. నన్ను పెట్టుకున్నది దర్జీ భార్య.

"ఎవరికి శిక్ష పడుతుందో నాకక్కర్లేదమ్మా. ఎవరు చేశారో చెప్పండి. ఆయన లేచి అడిగితే చెప్పాలి కదా," అంది. అసలు లేస్తాడో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. ఆ మాట ఆవిడకీ తెలుసు.

కంపెనీ టెస్టింగ్ గదిలోకి నేను అడుగుపెట్టేసరికి సఫారీ నాకంటే ముందే ఉన్నాడు. నాలాగే ప్రైవేటు డిటెక్టివ్. కంపెనీ తరఫున వచ్చాడు. కాలం ఏదైనా ఒకటే బూడిదరంగు సఫారీ సూటు వేసుకుంటాడు కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. ఎదురుగా ఇరవై నాలుగేళ్ళుంటాయేమో, టెస్టర్ అమ్మాయి. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. ఆమె ముందు టైపు చేసిన కాగితం, మూత తీసిన పెన్ను.

"రండి మేడం, సరిగ్గా సంతకాల వేళకొచ్చారు," అన్నాడు సఫారీ. "ఈ అమ్మాయి ఆరో టెస్టు చెయ్యకుండానే చేసినట్టు రిపోర్టు మీద 'సరే' నొక్కేసింది. రేపు పొద్దున ఇది పోలీసులకిస్తాను. మీరు పాపం అంతదూరం నుంచి ఆటోలో వచ్చారు. కాఫీ తాగి వెళ్ళండి."

"నేను చెయ్యనిదానికి నేనెందుకు సంతకం పెట్టాలి?" అంది అమ్మాయి.

ఆ గొంతు పొద్దున్నే ఎక్కడో విన్నట్టనిపించింది. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. "ఆరో టెస్టంటే ఏంటమ్మా? నాకు ఏమీ తెలియదనుకుని చెప్పు."

"ఆసుపత్రులన్నీ ఒకటే రకం వాడవు మేడం. కొన్నిచోట్ల ఫోన్లు, కొన్నిచోట్ల ట్యాబ్‌లు. మొత్తం ఆరు రకాలు. యాప్‌లో ఆవగింజంత మార్పు చేసినా ఆరింటి మీదా టెస్టు చెయ్యాలి. మేం వేళ్ళతో నొక్కం, కంప్యూటరే వరసగా నొక్కి చూస్తుంది. బాగుంటే గోడమీద పచ్చగా వస్తుంది, లేకపోతే ఎర్రగా. ఆరూ పచ్చగా వస్తేనే నేను 'సరే' నొక్కాలి. ఆరూ పచ్చగానే వచ్చాయి మేడం. మా అమ్మ మీద ఒట్టు."

"ఒక్కో రకం ఎన్నున్నాయి?"

"ఒక్కటే. మూడు టీములకీ కలిపి." కళ్ళు తుడుచుకుంది. "ఐదింటితో గొడవలేదు, పావుగంటలో అయిపోయేవి. ఆరోది ముసలి ట్యాబ్. ఇప్పుడు ఎవరూ తయారుచెయ్యరు కూడా, కానీ చిన్న ఆసుపత్రుల్లో ఇంకా అవే ఉన్నాయి. అది గంటన్నర తీసుకునేది. దానికోసం రోజూ కొట్లాటే. బస్సులో కర్చీఫ్ వేసినట్టు, పొద్దున్నే వచ్చి క్యూలో పేరు పెట్టుకుని క్యాంటీన్‌కి పోయేవాళ్ళు. పక్క టీంలో నా ప్రాణస్నేహితురాలు ఉంది. ఆ ట్యాబ్ వల్లే మాకు మాటల్లేవు."

"ఇప్పటికీ అంతేనా?"

"లేదు. అది బాగుపడింది."

"ఎవరు బాగుచేశారు?"

అమ్మాయి కాసేపు నా మొహంలోకి చూసింది. ఆ ప్రశ్న ఎవరో తనని మొదటిసారి అడుగుతున్నట్టు. "ఏమో మేడం. ఒక సోమవారం వచ్చేసరికి అది కూడా మిగతావాటితో పాటే పావుగంటలో ముగించింది. అందరం చప్పట్లు కొట్టాం. కేకు కూడా కోశాం."

"ఎందుకు బాగుపడిందని ఎవరూ అడగలేదా?"

"క్యూ తగ్గింది కదా మేడం. ఎవరడుగుతారు?"

మా ఇంట్లో మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడానికే మూలిగే అత్తగారు ఒకరోజు లేచి వీధిలో పరుగు తీస్తే మేం ముందు డాక్టర్‌ని పిలుస్తాం. చదువుకున్నవాళ్ళు మూడు టీముల నిండా ఉండి, కేకు కోసుకున్నారు.

"బాగుపడక ముందు వారం దాని మీద టెస్టులు ఎలా వచ్చాయి?"

"ఎర్రగా. అంకెలు నొక్కేచోట రోజూ ఫెయిలే. హెడ్డుగారు యాప్‌ది తప్పు కాదన్నారు. 'ముసలిదానికి చాదస్తం, దాన్ని పట్టించుకోకండి' అన్నారు."

సఫారీ గొంతు సవరించుకున్నాడు. "మేడం, మీరిద్దరూ తల్లీకూతుళ్ళలా కబుర్లు చెప్పుకోడానికి ఇది పెరడు కాదు. పంపు లోపల ఏం నమోదైందో నిన్నే తీయించాను. నర్సు ఐదు పెట్టానంటోంది. పంపుకి చేరింది యాభై ఐదు. టెస్టు చేసి ఉంటే ఇది పట్టుబడేది. పట్టుబడలేదంటే చెయ్యలేదు. ఇంత చిన్న లెక్క ఇంటి పద్దులు చూసుకునేవాళ్ళకి కూడా అర్థమవుతుంది."

ఐదుకి యాభై ఐదు. లోపల ఏదో కదిలింది, కానీ అందలేదు. పొద్దున్న సగం చెవితో విన్నది సగమే గుర్తుంటుంది.

"అర్థమైంది. ఇంటి పద్ధతిలోనే ఒకటి చూస్తాను," అని లేచాను. "హెడ్డుగారూ, అదే టెస్టు ఇప్పుడు నా ముందు ఇంకోసారి నడిపించండి. ఆరింటి మీదా."

ల్యాబ్ హెడ్డు మూలన నిలబడి ఉన్నాడు. కళ్ళకింద చారలు, మెడలో కార్డు తిరగబడి వేలాడుతోంది. అతను సఫారీ వైపు చూశాడు. సఫారీ భుజాలెగరేశాడు. హెడ్డు కీబోర్డు మీద ఏదో కొట్టాడు.

ర్యాక్ గోడ పక్కనే ఉంది. గిన్నెల స్టాండులో పళ్ళేల్లాగా ఆరూ అందులో నిలువుగా ఇరుక్కుని ఉన్నాయి. అంచులూ, వాటికి గుచ్చిన తీగలూ తప్ప ఏమీ కనపడవు. పావుగంట గడిచింది. గోడమీది తెర మీద ఒక్కొక్కటే పచ్చబడింది. ఆరోది కూడా.

"సంతోషమా?" అన్నాడు సఫారీ.

నేను ర్యాక్ సందుల్లో చెయ్యిపెట్టి మొదటిదాని వీపు తాకాను. వెచ్చగా ఉంది. రెండోది ఇంకా వెచ్చగా. మూడోది, నాలుగోది, ఐదోది.

"ఏంటి మేడం, జ్వరం చూస్తున్నారా?"

"పొయ్యి చూస్తున్నానండీ. ఇప్పుడే ఆర్పిన పొయ్యి మీద చెయ్యి పెడితే తెలుస్తుంది కదా."

ఆరోదాని మీద అరచెయ్యి ఆనించాను. గచ్చులా చల్లగా ఉంది.

"వీటిలో ఐదు ఇప్పటిదాకా పనిచేశాయి. ఆరోది ఏ పనీ చెయ్యకుండా, చేశానని గోడమీద రాయించుకుంది," అని దాన్ని బయటికి లాగాను. ఛార్జింగు తీగ దాంతోపాటే వచ్చింది, జిగురుతో అంటించి ఉంది. ముందువైపు తెర ఉండాల్సినచోట తెర బొమ్మ అచ్చువేసిన కాగితం. కొట్లో గాజు అరల్లో చూపించడానికి పెట్టే డమ్మీ అది. బరువు మాత్రం అసలుదాని అంతే ఉంది.

టెస్టర్ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సఫారీ ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది. తీసేయడం మర్చిపోయినట్టున్నాడు.

కొంగుకి పెట్టుకున్న పిన్నీసు తీసి అంచు సందులో దూర్చాను. వెనక రేకు ఊడింది. లోపల బరువు కోసం పెట్టిన ముక్క బల్ల మీద పడింది. సరిగ్గా కొలిచి కోసిన నేల పలక. ఆకుపచ్చది, మీద సన్నటి తెల్ల గీతలు.

అలాంటి పలకలు వెయ్యి ఇళ్ళల్లో ఉంటాయి. ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను. అయినా దాన్ని తీసుకున్న వేళ్ళు వెంటనే తెరుచుకోలేదు. సఫారీ చూపు నా చేతి మీదే ఉంది.

"హెడ్డుగారూ," అన్నాను. "ఇప్పుడు మీ వంతు."

అతను కుర్చీలో కూలబడ్డాడు. "రెండో ట్యాబ్ ఇప్పించమని అడిగి అడిగి నోరు పడిపోయింది మేడం. పాతది ఎక్కడైనా దొరికితే కొనమన్నా వినలేదు. మూడు టీములూ నా పీకమీద కూర్చున్నాయి. ఆలస్యమైన ప్రతిసారీ తిట్లు నాకు. అందుకని ఎమ్యులేటర్ పెట్టాను."

"అంటే?"

"ట్యాబ్‌లా నటించే ప్రోగ్రాం. ఆ పెద్ద కంప్యూటర్లో ఉంటుంది. ఆరోదాని పేరు దానికే ఇచ్చాం. టెస్టులన్నీ దానికే వెళ్తాయి."

"నటించడం సరే. ముసలితనం కూడా నటిస్తుందా? నొక్కినప్పుడు పలక్కపోవడం, చేతులు వణకడం?"

అతను తల దించుకున్నాడు. "అది పెద్ద కంప్యూటర్ కదా మేడం. చురుగ్గా ఉంటుంది."

"మరి ఈ బొమ్మ?"

"పైనుంచి తనిఖీకి వచ్చేవాళ్ళు ర్యాక్‌లో ఆరున్నాయా అనే చూస్తారు. రిపేర్లకొచ్చే అతనితో చేయించాను. అసలుదాన్ని తుక్కులో వేసెయ్యమన్నాను."

సఫారీకి అప్పుడు మాట వచ్చింది. నెమ్మదిగా, హెడ్డుని చూస్తూ మాట్లాడాడు. "జాగ్రత్తగా గుర్తుచేసుకోండి సార్. ఎమ్యులేటర్ పెట్టమని మిమ్మల్ని అడిగింది ఎవరు? క్యూలో విసిగిపోయి రోజూ మీ దగ్గరకొచ్చి ఏడ్చింది ఎవరు?"

హెడ్డు కళ్ళు గదంతా తిరిగి చివరికి ఆ అమ్మాయి మీద ఆగాయి. ఆమె ఇంకా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకునే ఉంది.

"అవును," అన్నాడు. "తనే అడిగింది."

"సార్!" అంది అమ్మాయి. మనుషులు ఇంత తేలిగ్గా చేతులు దులుపుకుంటారని ఆ వయసులో తెలిసి ఉండదు. నాకు తెలుసు. అయినా ప్రతిసారీ నోరు చేదెక్కుతుంది.

"చూశారా మేడం," అన్నాడు సఫారీ. "అసలు ట్యాబ్ ఉంటే అందులో ఆ ఫెయిలైన టెస్టులన్నీ ఉంటాయి. హెడ్డుగారు చూసి కూడా వదిలేశారని తేలుతుంది. కానీ అది తుక్కయిపోయింది. మీ చేతిలో మిగిలింది బాత్రూం పలక ముక్క. దాంతో పోలీసుల దగ్గరికెళ్ళండి, నేను వద్దనను. సంతకం సంగతి రేపు పొద్దున స్టేషన్లోనే చూసుకుంటాను." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నేను అమ్మాయిని వరండాలోకి తీసుకెళ్ళాను. "అసలుదాన్ని చూస్తే గుర్తుపట్టగలవా?"

"కళ్ళు మూసుకుని పడతాను మేడం. చీటీలు అంటిస్తే వేడికి ఊడిపోయేవి. అందుకని ఒక్కోదానికి ఒక్కో రంగు గోళ్ళరంగు చుక్క పెట్టుకున్నాం, వెనక మూలన. ఆరోదానికి ఊదా. ఆ బొమ్మకి కూడా ఊదాయే పెట్టారు, కానీ అది ఉత్తది. మాది తళుకులది. మా అక్క పెళ్ళికి నేనే కొనుక్కున్నాను."

పొద్దున్న అత్తగారి ట్యాబ్ వెనక చూసిన చుక్కా అదే.

మూడు నొక్కితే ముప్పై మూడు. ఐదు నొక్కితే యాభై ఐదు. చిన్నోడు ముచ్చటపడి తెచ్చిచ్చాడు. వీటన్నిటికంటే గట్టిగా నా గొంతే నాకు వినపడింది: సాయంత్రం నేనొచ్చేసరికి ఆ చుక్క కనపడకూడదు.

కూతురికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పొద్దున్న కోపం ఇంకా దిగి ఉండదు. మళ్ళీ చేశాను. ఫోన్ ఆపేసింది.

*

ఇంటికొచ్చేసరికి అత్తగారు వీధి గదిలోనే ఎదురైంది. "ఎవరో చిన్నోడి కోసం ఫోన్ చేశారమ్మాయ్. వాడు ఇవాళ ఫోన్ ఇంట్లోనే మర్చిపోయి పోయాడు. ఎంత మర్యాదస్తుడో! మీరేం పనిచేస్తారు బాబూ అంటే డిటెక్టివ్‌నన్నాడు. మా కోడలూ డిటెక్టివేనయ్యా, నీకు తెలిసే ఉంటుంది అన్నాను. తెలుసునమ్మా, బాగా తెలుసు అన్నాడు. ఎంత సంతోషించాడో!"

సంతోషించే ఉంటాడు సఫారీ, రిపేరు మనిషి నంబరు హెడ్డు దగ్గర తీసుకుని.

"ట్యాబ్ ఏదత్తయ్యా?"

భోజనాల బల్ల మీద ఉంది, ఛార్జింగు పెట్టి. వెనక్కి తిప్పాను. మూలన ఊదారంగు చుక్క, లోపల తళుకులు. చెక్కు చెదరలేదు.

"నేను తుడవలేదు," అంది కూతురు గది గుమ్మంలో నిలబడి. మొహం మాడ్చుకుని ఉంది. "ఏం చేస్తావో చేసుకో."

"మంచిపని చేశావ్."

వెటకారమనుకుని తలుపు వేసుకోబోయింది. "నిజంగానే అంటున్నాను. విచారించకుండా నిన్ను అనేశాను. వచ్చి ఇక్కడ కూర్చో," అన్నాను. నమ్మకం లేకుండానే వచ్చి కూర్చుంది.

అప్పుడే ఫోన్ మోగింది.

"మేడం, భోజనాల వేళ విసిగిస్తున్నాను," సఫారీ గొంతు చాలా మెత్తగా ఉంది. "మీ ఇంటి సంగతి మీ అత్తగారు చెబితే తెలిసింది. మంచి మనిషి. ఈ వయసులో ఆవిడ కొడుకు కోసం స్టేషన్ల చుట్టూ తిరగడం నాకిష్టం లేదు. మీరు ఆ అమ్మాయి సంగతి వదిలెయ్యండి. నా రిపోర్టులో రిపేరు మనిషి అనేవాడే ఉండడు. ట్యాబ్ తుక్కయిపోయింది. అంతే కదా?"

"ఆ దర్జీ?"

"ఆయనకి కంపెనీ ఏదో చేస్తుంది మేడం. మీరు ఇంటిని చూసుకోండి."

నేను ఫోన్ పెట్టేశాను. ఆ మనిషి మీద కోపం రావాలి. రాలేదు. కాసేపట్లో మా ఇంట్లోవాళ్ళు కూడా అదే మాట అంటారని నాకు తెలుసు.

మరిది వచ్చాడు, వెనకే మావారు. చిన్నోడు చేతులు కడుక్కుని, "పై కోర్టు తీర్పేంటి వదినా?" అంటూ బల్ల దగ్గరికొచ్చి, నా ముందు బోర్లించి ఉన్న ట్యాబ్‌నీ దాని పక్కనున్న ఆకుపచ్చ పలక ముక్కనీ చూశాడు. నవ్వు ఆగిపోయింది. జేబులోని స్క్రూడ్రైవరుని చేత్తో కప్పుకున్నాడు, ఎందుకో.

"కూర్చోండి, అందరూ," అన్నాను.

ట్యాబ్ ముందుకి తిప్పాను. సీరియళ్ళ పక్కన ఒక మూలన నీలిరంగు నీటిబొట్టు బొమ్మ. "అది నేను ముట్టుకోనమ్మాయ్, అదేదో ఆఫీసుది," అంది అత్తగారు. దాన్ని తెరిచాను. చాలాసేపటికి తెరుచుకుంది. 'పంపు తగిలించి లేదు' అని చూపించి, కింద అంకెలు పెట్టింది. గంటకి ఎంత మందు ఎక్కాలో అక్కడ పెట్టాలి.

"చూడండి," అని ఐదు నొక్కాను.

ఏమీ రాలేదు. గడి ఖాళీగానే ఉంది. ఎవరైనా ఏం చేస్తారు? మళ్ళీ నొక్కుతారు. నొక్కాను. ఒక క్షణం ఊరుకుని, రెండు అంకెలూ ఒక్కసారే వచ్చి పక్కపక్కన నిలబడ్డాయి.

యాభై ఐదు.

"నీ మూడో భాగం ఇలాగే ముప్పై మూడైంది అత్తయ్యా. అక్కడ సీరియల్లో మనిషి చచ్చిపోయాడు. ఇక్కడ ఒక దర్జీ ఆసుపత్రిలో పడున్నాడు. ఇది ఆ తప్పుని వారం రోజులు చెప్పింది. చెప్పిందని దీన్ని తీసేశారు. ఆ చోట బొమ్మ పెట్టింది మన చిన్నోడు."

అత్తగారు కొడుకు వైపు చూసింది.

"తుక్కన్నాడు వదినా హెడ్డు," అన్నాడు మరిది. ఎప్పుడూ ఇంతమెల్లగా మాట్లాడ్డు. "పారెయ్యడం ఎందుకు, అమ్మకి సీరియళ్ళు చూసుకోడానికి బాగుంటుందని తెచ్చాను. దీనివల్ల మనిషికి ఏమన్నా అవుతుందని నాకు తెలుసా?"

"తనిఖీవాళ్ళు చెయ్యి వేసి చూస్తారని పలక కోసి బరువు పెట్టావు. అప్పుడు తెలుసుగా, ఎవరినో మోసం చేస్తున్నామని?"

"మనకెందుకులే అనుకున్నాను." మళ్ళీ అదే అన్నాడు, తనకే చెప్పుకుంటున్నట్టు. "మనకెందుకులే అనుకున్నాను వదినా."

మావారు గొంతు తగ్గించారు. "దీన్ని రాత్రికి రాత్రి ఆ కంపెనీ చెత్తకుప్పలో పెట్టేస్తే? నీకు అక్కడ దొరికిందని చెప్పు. ఆ అమ్మాయీ బయటపడుతుంది, వీడూ బయటపడతాడు."

"అదీ మంచి ఆలోచనే కదమ్మాయ్," అంది అత్తగారు ఆశగా. "నేను మళ్ళీ దీని మొహం చూడను. ఎక్కడ దొరికిందో మాత్రం చెప్పకు."

నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే ఆటోలో వస్తూ నేనూ అదే ఆలోచించాను, ఏ కుప్ప అయితే బాగుంటుందో కూడా. కానీ ఇన్నాళ్ళూ ఇందులో సీరియళ్ళు నడిచాయి. దీని లోపలే మా ఇంటి ఆనవాళ్ళన్నీ ఉన్నాయి. అవి తుడిస్తే ఆ ఫెయిలైన టెస్టులు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. అది చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేదు. తుడవడం కుదరదు కాబట్టి నిజం చెప్తున్నానని అనుకోవడం నాకిష్టం లేకపోయింది.

కూతురు నా మొహమే చూస్తోంది. పొద్దున్న చూసినట్టే, తీర్పు కోసం.

"పెళ్ళి కావాల్సినవాడు," అంది అత్తగారు ఇంకా సన్నగా. "వచ్చే నెల సంబంధం మాట్లాడుకోడానికి వస్తామన్నారు వాళ్ళు."

ఛార్జింగు తీగ పీకేసి, ట్యాబ్‌నీ పలక ముక్కనీ నా సంచిలో పెట్టి, సంచిని కుర్చీకి తగిలించాను. తర్వాత అందరికీ కంచాలు సర్దాను. మాట బయటికొచ్చినప్పుడు రేపు పాలవాడు రాడని చెప్పినంత మామూలుగానే వచ్చింది.

"రేపు పొద్దున సఫారీ కంటే ముందే నేను స్టేషన్లో ఉంటాను. ట్యాబ్ ఇస్తాను. ఎక్కడ దొరికిందంటే మా ఇంట్లో అని చెప్తాను. ఎవరు తెచ్చారంటే జవాబు చిన్నోడు చెప్తే బాగుంటుంది. వాడు నాతో రాకపోతే నేనే చెప్తాను."